మైనస్ నలభై కొలెస్ట్రాల్

పూల్ బాబాయి అబద్ధాలాడతాడని ఆ వీధిలో ఎవరూ అనరు. కోతలు కోస్తాడంటారు. ఆ రెండింటికీ చాలా తేడా ఉందని పిన్ని నమ్మకం. అబద్ధం ఎదుటివాళ్ళ దగ్గర్నుంచి ఏదో ఒకటి పట్టుకుపోతుంది. కోత అలా కాదు, పోతూ పోతూ ఓ నవ్వు ఇచ్చి పోతుంది. అందుకే ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన కోతలకి ఎన్నడూ అడ్డు చెప్పలేదు. చెప్పింది ఒక్కసారే. అదీ మూడే మాటలు.

బాబాయి ముప్పై ఏళ్ళు స్విమ్మింగ్ పూల్లో పనిచేసి, పోయినేడాది మానేశాడు. ఈత నేర్పే పని కాదు, అసలు ఆయనకి ఈతే రాదు. నీళ్ళు నింపడం, వదలడం, క్లోరిన్ కలపడం, పొడుగాటి కర్రకి బిగించిన బ్రష్షుతో గోడల పాచి గీకడం, ఇదీ పని. అందుకని పూల్ బాబాయి. నలుగురి నోళ్ళలో నలిగి అది పూల బాబాయి అయిపోయి, "ఏం పూలు అమ్ముతావు బాబాయ్?" అని అడిగే కొత్తవాళ్ళు కూడా ఉండేవారు. "నీళ్ళలో పూసేవి" అనేవాడాయన తడుముకోకుండా.

పూల్ గేటుకి ఎదురుగా టీ కొట్టు. రెండు బెంచీలు, ఒక పొయ్యి, గ్లాసులు కడిగే తొట్టి, దాని పక్కన చెత్తబుట్ట. కొట్టు నడిపే ఆవిడని చిన్నా పెద్దా అందరూ టీ అక్క అంటారు. పిన్నీ బాబాయీ రోజూ పొద్దున్నే ఫలహారం చేసి, పూల్ ప్రహరీ చుట్టూ నాలుగు చుట్లు నడిచి, వచ్చి ఆ బెంచీ మీద కూలబడతారు. నడవమన్నది డాక్టరు. పిన్ని వెంట వస్తేనే నడుస్తానన్నది బాబాయి.

ఆ రోజు వాళ్ళతోపాటు పిన్ని అన్నయ్య కూడా నడిచాడు.

ఆయన్ని వీధిలో తాళాలాయన అంటారు. మలుపులో ఆయన కొట్టు ఉంది, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత. ఆ గోడల నిండా తాళం చెవులు. ఆయనకి మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. విన్నది విన్నట్టు నమ్ముతాడు, నమ్మింది నమ్మినట్టు చేస్తాడు. పది రోజుల కిందట తాళం చెవికి పళ్ళు కోస్తూ కోస్తూ ఛాతీ పట్టేసి, ఆకురాయి కింద పడేశాడు. ఆస్పత్రిలో రెండు రోజులుంచారు. గుండెకింకా దెబ్బ తగల్లేదు గానీ కొలెస్ట్రాల్ బాగా పేరుకుంది, ఇక ఆలస్యం చేయకూడదని చెప్పి డాక్టరు ఒక మాత్ర రాసిచ్చాడు. రోజుకొకటి, మానకుండా.

ఆయన ఒక్కటీ వేసుకోలేదు. రెండో చుట్టు నడుస్తుండగా, "దీన్నేం చేయమంటావే?" అని చొక్కా జేబులోంచి మాత్రల షీటు తీసి చెల్లెలికి చూపించాడు. పదికి పది మాత్రలూ అలాగే ఉన్నాయి. "నాన్న మాత్రలు మొదలుపెట్టిన ఏడాదికే పోయాడు" అన్నాడు. ఆయన దగ్గరున్న కారణం అదొక్కటే. ఆయనకి అది చాలు.

నాన్న నాలుగేళ్ళు వాయిదా వేసి వేసి, అప్పుడు మొదలుపెట్టాడు. ఆ సంగతి పిన్నికి గుర్తుంది. డాక్టరు ఏ నెలలో చెప్పాడో, నాన్న ఏ కుర్చీలో కూర్చుని "వచ్చే నెల చూద్దాంలే" అన్నాడో కూడా గుర్తుంది. కానీ అన్నయ్యతో వాదించడం ఆవిడకి చేతకాదు. ఆయన మాత్ర ముట్టట్లేదని ముందే తెలుసు గనక, ఆ పొద్దున నడకకి బయల్దేరకముందే దేవుడి ఎదుట నిలబడి అడిగింది, ఆ తర్వాత మొగుడి ఎదుట నిలబడి అడిగింది. "అన్నయ్యకి మీ మాటంటే గురి. మాత్ర వేసుకోమని మీరొక్క మాట చెప్పండి."

"నేను చూసుకుంటాగా" అన్నాడు బాబాయి.

చూసుకోగలడు కూడా. ఎందుకంటే ఆయనా అదే మాత్ర వేసుకుంటున్నాడు, ఎనిమిది నెలలుగా. ఆ సంగతి మాత్రం ఇంట్లో ఇద్దరికే తెలుసు. "నా నాలుక మాత్ర ఎరగదు" అని ముప్పై ఏళ్ళు వీధంతా కోసుకొచ్చిన మనిషి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటాడు? డాక్టరు వివరంగానే చెప్పాడు పాపం. "పెరుగు తినండి, అందులో మంచి చేసే క్రిములుంటాయి. సూక్ష్మనాచు పొడి అని డబ్బాల్లో దొరుకుతుంది, నచ్చితే అదీ ఓ చెంచా కలుపుకోండి, కొందరికి కాస్త సాయపడుతుందంటారు. రోజూ నడవండి. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఇవన్నీ మాత్రకి తోడు. మాత్రకి బదులు కాదు."

గది బయటికి రాగానే బాబాయి, "విన్నావుగా? పెరుగూ పొడీ అసలు మందులు. మాత్ర, తోడు మాత్రమే" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాత్ర పేరు తోడు. ఇంటినిండా చుట్టాలున్నా సరే, "ఏమే, తోడు వేశావా?" అని ఆయన కేకేస్తే, ఈవిడ పెరుగు గిన్నె చాటున మాత్ర పెట్టేది. పాలు తోడు పెట్టారా అని అడుగుతున్నాడనుకునేవారు చుట్టాలు. "మగవాడికి పెరుగు మీద ఇంత ధ్యాసా!" అని ఒకావిడ ముచ్చటపడింది కూడా.

అన్నయ్యని నడిపించాలన్న తొందరలో ఆ పొద్దున తోడు పడలేదు. పిన్ని దాన్ని చేతిసంచీలో వేసుకొచ్చింది.

టీ గ్లాసులు వచ్చాయి. ఎదురు బెంచీ మీద లెక్కల మాస్టారు పేపరు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. బాబాయి గొంతు సవరించుకున్నాడు. పిన్ని గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆశగా చూసింది.

"బావగారూ, మీకొక సంగతి చెప్పాలి. నాకు కొలెస్ట్రాల్ మూడొందల పదకొండు ఉండేది."

"అబ్బో" అన్నాడు మాస్టారు.

"నూట ఎనభైకి దిగింది."

ఇంతవరకూ నిజం. పిన్ని తలూపింది. ఇక ఆ మాత్ర అన్న ముక్క ఒక్కటి బయటపడాలి. బాబాయి దానికే నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే టీ అక్క గరిటె పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఎలా దిగింది బాబాయ్?" అంది. రోడ్డున పోతున్న పోస్ట్‌మాన్ సైకిలాపి ఒక కాలు కింద ఆనించాడు. అంటే నాలుగు జతల చెవులు. బాబాయి మొహంలోకి వెలుగొచ్చింది. ఆ వెలుగు పిన్నికి కొత్త కాదు. దేవుడా, ఇవాళ్టికి వద్దు, అనుకుంది.

"ఎలా దిగుతుంది అక్కా? పాచితో దిగింది!"

"పాచితోనా?"

"పాచే. మీబోటివాళ్ళకి పాచి. చదువుకున్నవాళ్ళకి సూక్ష్మనాచు, డబ్బాలో పోసి అమ్ముతారు. నాకేం ఖర్మ డబ్బా కొనుక్కోడానికి, ముప్పై ఏళ్ళు దాన్ని చేత్తో గీకినవాణ్ణి!"

ఆ డబ్బా ఇంట్లో అలమరలో, పై అరలో, పంచదార సీసా వెనకాల ఉంది. ఇది మూడో డబ్బా. పిన్ని టీ తాగింది.

"వినండి మరి. డ్యూటీలో ఆఖరి రోజు. లోతు వైపు మూలన బ్రష్షు వేసి గీకుతున్నాను, గీకుతున్నాను, రాదు. ఎందుకు రాదా అని వంగి చూద్దును కదా, అరచేతి మందాన ఒక్క పచ్చటి ముక్క గోడని కరుచుకుని నన్నే చూస్తోంది. దానికి కళ్ళుంటాయా అని అడక్కండి, ముప్పై ఏళ్ళు పనిచేసినవాడికి తెలుస్తుంది. 'మా తాతల్ని గీకావు, మా ముత్తాతల మీద క్లోరిన్ పోశావు, వంశంలో నేనొక్కదాన్నే మిగిలాను, ఇక నీ ఇష్టం' అన్నట్టుగా చూసింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్రష్షు పక్కన పడేసి, 'తప్పయింది తల్లీ, రా' అని టీ గ్లాసులోకి తీసుకున్నాను. నీ గ్లాసే అక్కా. ఆ రోజు ఒక గ్లాసు తక్కువొచ్చింది, గుర్తుందా?"

"నాలుగు తక్కువొచ్చాయి" అంది టీ అక్క.

"అందులో ఒకటే నాది, మిగతా మూడూ మాస్టార్ని అడుగు. సరే, తెచ్చి కిటికీలో గాజుసీసాలో పెట్టాను. పొద్దున పెడితే మధ్యాహ్నానికి సీసా నిండింది. సాయంత్రానికి బక్కెట్టు. మర్నాటికి స్నానాల తొట్టి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇల్లంతా పచ్చటి వెలుగు! గోడలు పచ్చ, గడియారం పచ్చ. పాలవాడు పాలు పోస్తే గిన్నెలో పచ్చగా కనపడి, నేనేం కలపలేదు మొర్రో అని వాడే ఒట్టేశాడు. మేడ మీదవాళ్ళు దిగొచ్చి, మీ ఇంట్లోంచి అలల చప్పుడొస్తోంది, మాకు కడుపులో తిప్పుతోంది, కాస్త తలుపేసుకోండి అన్నారు."

"ఆ పచ్చ వెలుగులో పిన్ని ఎలా ఉండేది?" అడిగాడు పోస్ట్‌మాన్.

"చిలకలా ఉండేది."

పిన్నికి నవ్వొచ్చింది, ఆపుకుంది. సీసా మాట నిజమే. మూడో రోజుకి అది కంపు కొడితే, ముక్కు మూసుకుని తనే కాలవలో పారబోసింది. ఆ కంపు బాబాయి కథలోకి రాలేదు.

ఆవిడ అన్నయ్య వైపు చూసింది. ఆయన నవ్వట్లేదు. టీ తాగట్లేదు. మొండికేసిన తాళంలో పుల్ల పెట్టి తిప్పుతూ లోపలి చప్పుడు కోసం చెవి వంచుతాడే, అలా తల ఒక పక్కకి వంచి వింటున్నాడు. పిన్ని గ్లాసు కింద పెట్టింది.

"ఇప్పుడు అసలు కిటుకు" అన్నాడు బాబాయి, బెంచీ అంచుకి జరిగి. "పాచిని ఉత్తగా తాగితే ఒంటికి పట్టదు, పెరుగులో కలపాలి. పెరుగులో క్రిములుంటాయి. చెడ్డవి కాదు అక్కా, అలా మొహం పెట్టకు, మంచివి, ప్రోబయాటిక్ అంటారు. మంచివే గానీ మహా పౌరుషం. 'మా గిన్నెలోకి ఈ పచ్చమొహాలెవరు?' అని అవి, 'ముప్పై ఏళ్ళ నుంచి బాబాయికి మేం తెలుసు, నిన్నగాక మొన్న తోడుకున్న మీరెవరు?' అని ఇవి. గిన్నె గడగడలాడిపోయింది. మూత ఎగిరింది. నేనే మధ్యలో కూర్చుని రెండు జట్లకీ సర్దిచెప్పాను. ఒరేయ్, మీరు పుల్లగా ఉంటారు, వీళ్ళు జిగురుగా ఉంటారు, అంతే తేడా, చేయాల్సిన పని ఒకటే, గీకుడు. ఆ గీకుడు కూడా నేనే నేర్పాను. పళ్ళు తోముకునే బ్రష్షు పట్టుకుని చూపించాను, పైనుంచి కిందికి, మూలల్లో రెండేసి సార్లు. వచ్చిందా? వచ్చింది బాబాయ్ అన్నాయి. అప్పుడు మింగాను."

"ఎన్ని ఉంటాయి?" అన్నాడు మాస్టారు.

"రెండు వందల కోట్లు. హాజరు తీసుకున్నాను."

"ఆ తీసుకోడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలుసా బాబాయ్?"

"వరసల్లో నిలబెట్టాను మాస్టారూ, ఒక్కొక్కటీ లెక్కపెట్టలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాను. ఒంట్లోంచి బర్రు బర్రుమని చప్పుడు! పిక్క దగ్గర మొదలుపెట్టి, మోకాలు, తొడ, నడుము, రక్తనాళాలన్నీ గీక్కుంటూ వస్తున్నారు. మోకాలి మలుపులో ఒకడు, 'ఇక్కడ గట్టిగా ఉందిరోయ్, పొడుగు కర్ర అందుకో' అన్నాడు, ఈ చెవుల్తో విన్నాను. గుండె దగ్గరికొచ్చేసరికి చెప్పులు విప్పి మెల్లిగా లోపలికెళ్ళారు. ఎంత మర్యాద! తల్లిదండ్రుల పెంపకం."

టీ అక్క పగలబడి నవ్వింది. పోస్ట్‌మాన్ సైకిలు స్టాండు వేసేశాడు. ఆ నవ్వుల్లోంచి తాళాలాయన గొంతు చిన్నగా వచ్చింది.

"మాత్ర లేకుండానేనా బావా?"

బాబాయి చెయ్యి గాల్లో ఆగిపోయింది. పిన్ని వైపు చూశాడు. చెప్పండి, ఇదే సమయం, అన్నట్టు పిన్ని కళ్ళతోనే అంది. ఆయన పెదాలు కదిలాయి.

"బాబాయికి మాత్రేంటండీ!" అన్నాడు పోస్ట్‌మాన్ హుషారుగా. "ఆయన నాలుక మాత్రే ఎరగదుగా! నేను ఉద్యోగంలో చేరిన రోజు విన్నాను ఆ మాట."

అందరూ బాబాయి వైపే చూశారు.

"ఎరగదు" అన్నాడు బాబాయి. ఎప్పుడూ అంత చిన్నగా అనలేదు ఆ మాట.

తాళాలాయన జేబులోంచి షీటు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

బాబాయి దాన్ని చూశాడు. ఆ తర్వాత ఆయన గొంతు ఒక్కసారిగా పెద్దదైంది, చేతులు బారచాపాడు. ముందు పిన్నికి కోపం వచ్చింది. రెండు మాటలు విన్నాక అర్థమైంది. ఆయన కోయట్లేదు, పరిగెడుతున్నాడు. మాత్ర సంగతి చెప్పే ధైర్యం లేక, కోతని ఎంత పెద్దది చేస్తే బావగారు నమ్మకుండా నవ్వేస్తారో అంత పెద్దది చేద్దామని పాపం ఆయన తాపత్రయం.

"ఇంకా అసలు సంగతి వినలేదు బావగారూ, ఇది వింటే మీరు కూడా నవ్వుతారు! రక్తపరీక్షకి వెళ్ళాను. సూది గుచ్చిన అమ్మాయి గాజుగొట్టం పైకెత్తి చూసింది, రక్తం ఎంత శుభ్రంగా ఉందంటే అందులో తన మొహం కనపడి జుట్టు సర్దుకుంది! మిషన్లో పెట్టారు. నూట ఎనభై చూపించింది, నూట ఇరవై చూపించింది, అరవై, ముప్పై, సున్నా. సున్నా దగ్గర ఆగాలా? ఆగలేదు! మైనస్ ఒకటి, మైనస్ పది, చివరికి మైనస్ నలభై దగ్గర టక్కుమని నిలబడింది."

"కొలెస్ట్రాల్‌కి మైనస్ ఉండదు బాబాయ్" అన్నాడు మాస్టారు, తరగతిలో లాగా వేలు పైకెత్తి. "అసలే లేనిది ఇంకా తక్కువ ఎలా అవుతుంది?"

"సరిగ్గా ఆ మిషను కూడా అదే అడిగింది మాస్టారూ, అడిగి పొగలు కక్కింది! డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. మైనస్ నలభై ఉంటే ఏమవుతుందో తెలుసా? పక్కనున్నవాళ్ళది లాగేసుకుంటుంది! అరగంట ఆ వరండాలో కూర్చున్నాను. కుడిపక్కాయన లేచి నిలబడితే ప్యాంటు నిలబడలేదు. ఎడమపక్కావిడ ఉంగరాలు జారి టింగు టింగుమని నేల మీద. బస్సెక్కాను, ఎక్కేటప్పుడు కాలు పెట్టే చోటు లేదు, దిగేటప్పటికి ఇంకో ఇరవైమంది పట్టేంత ఖాళీ. ఒక్క మనిషి దిగలేదు మళ్ళీ! బేకరీ ముందు నుంచి నడిచాను, అద్దాల వెనకాల వెన్నముద్ద నన్ను చూసి నీళ్ళైపోయింది. బేకరీవాడు చేతులు జోడించి, 'బాబాయ్, పిల్లలుగలవాణ్ణి, అటు పక్క నడు' అన్నాడు."

టీ అక్క ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. బాబాయి ఆవిడ వైపు చూడలేదు. బావగారి మొహమే చూస్తున్నాడు. అక్కడేం కదల్లేదు.

"సర్కస్!" అని అరిచాడు బాబాయి. "సర్కస్‌కి వెళ్ళాను! ముందు వరసలో కూర్చున్నాను. ఏనుగొచ్చింది. నా వైపు తిరిగింది. తిరిగిందా, సగమైంది! ఇంకో అడుగు వేసింది, పావైంది! ఏనుగని వచ్చినవాళ్ళంతా గాడిదని చూసి ఇళ్ళకెళ్ళారు బావగారూ! ఆ సర్కస్ మళ్ళీ ఈ ఊరు రాలేదు. ఎందుకు రాలేదనుకున్నారు? నా వల్లే!"

పోస్ట్‌మాన్ సైకిలు మీద వాలిపోయి నవ్వుతున్నాడు. పొయ్యి మీద టీ పొంగింది, ఎవరూ పట్టించుకోలేదు.

తాళాలాయన గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"బావా."

"చెప్పండి బావగారూ."

"ఏనుగు కోత."

"కోతే!" అన్నాడు బాబాయి ఆత్రంగా.

"బస్సు కోత. వెన్న కోత. మైనస్ కోత."

"శుద్ధ కోత బావగారూ! పాచి నాతో మాట్లాడటం ఏంటి, నాకు మతుందా? అంతా కోతే!"

"తెలుసు. ముప్పై ఏళ్ళ పైనుంచి వింటున్నాను నిన్ను." తాళాలాయన మోకాలి మీది షీటు చేతిలోకి తీసుకున్నాడు. "తుప్పుపట్టిన తాళం వస్తే పైనంతా గీకి చూస్తాను, లోపల ఇనుమెంత మిగిలిందని. నీ మాటా అలాగే గీకి చూశాను. రెండు ముక్కలు మిగిలాయి. మూడొందల పదకొండు నూట ఎనభై అయింది. అది నిజం, రిపోర్టు మా చెల్లి చూపించింది. నువ్వు మాత్ర ఎరగవు. అదీ నిజం, వీధి వీధంతా చెప్తుంది. నాకు ఆ రెండు ముక్కలు చాలు."

ఆయన లేచాడు. చెత్తబుట్ట నాలుగడుగుల దూరంలో ఉంది.

"బావగారూ, అది కాదు..." అన్నాడు బాబాయి. అక్కడే ఆగిపోయాడు. టీ అక్కని చూశాడు, మాస్టార్ని చూశాడు, పోస్ట్‌మాన్‌ని చూశాడు. ముప్పై ఏళ్ళ మాటని వాళ్ళ ముందే వెనక్కి తీసుకోవాలి. ఇంకాసేపుంటే చెప్పేస్తాడని పిన్నికి తెలుసు. వెనకాలే పరిగెత్తైనా చెప్తాడు, అంత చెడ్డవాడు కాదు. కానీ ఆవిడ నాన్న కూడా ఇంకాసేపట్లో, ఇంకో నెలలో అంటూనే ఉండేవాడు.

అన్నయ్య రెండడుగులు వేశాడు. మూడో అడుగు వేశాడు.

"ఏమండీ" అంది పిన్ని. గొంతు పెంచలేదు. ఆవిడకి పెంచడం రాదు. "తోడు మర్చిపోయారు."

బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

"పెరుగు తోడా పిన్నీ?" అంది టీ అక్క. "నా దగ్గరుంది, గిన్నెలో పోసివ్వనా?"

పిన్ని చేతిసంచీలో చెయ్యి పెట్టి, చిన్న షీటొకటి తీసి బెంచీ మీద, బాబాయి గ్లాసు పక్కన పెట్టింది. ఆరు గుంతలు ఖాళీ. నాలుగు మాత్రలున్నాయి.

చెత్తబుట్ట మీదికి చాపిన చెయ్యి అలాగే ఉంచి తాళాలాయన వెనక్కి తిరిగి చూశాడు. నెమ్మదిగా వచ్చాడు. ఆ షీటు ఎత్తాడు. ఎవరైనా తాళం చెవి తెచ్చి ఇలాంటిదే ఇంకోటి చేసిపెట్టమంటే, చేశాక ఆయన రెండింటినీ వీపు వీపు కలిపి పట్టుకుని, వెలుతురుకి ఎత్తి, బొటనవేలు మెల్లిగా పంటి మీద నుంచి పంటి మీదికి జరుపుతాడు. ఎక్కడైనా గీతంత తేడా ఉంటే వేలికి తెలిసిపోతుంది. ఇప్పుడు రెండు షీట్లూ అలాగే కలిపాడు, ఎండలోకి ఎత్తాడు, బొటనవేలు జరిపాడు. ఆయనవి పది బుడిపెలు. ఇవతల ఆరు గుంతలు, నాలుగు బుడిపెలు. వెనక్కి తిప్పి పేరు చదివాడు. మళ్ళీ చదివాడు.

"రెండూ ఒకే తాళానివి" అన్నాడు. "నీది వాడింది. నాది వాడనిది."

బాబాయి తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి బావా?"

"ఎనిమిది నెలలు."

"పెరుగు?"

"నిజం."

"పాచి?"

"పొడి బావగారూ. డబ్బాలోది. పూల్లోది తాగితే ఇలా మీ ముందు కూర్చునేవాణ్ణా? కానీ రుచిలో మాత్రం కోత లేదు. పూల్ గోడ నాకినట్టే ఉంటుంది."

"నడక?"

"రోజూ నాలుగు చుట్లు. మీ చెల్లెలొస్తేనే."

తాళాలాయన షీటు కదిపాడు. "మరి ఇది?"

బాబాయి తలెత్తాడు. నలుగురినీ చూశాడు, ఈసారి తడబడకుండా. "డాక్టరు చెప్పిన మాట చెప్తాను. అవన్నీ దీనికి తోడు, దీనికి బదులు కాదన్నాడు. దీన్నే తోడని పేరుపెట్టి నేను తిరగేశాను. మీరు దాన్ని పారేయకండి బావగారూ. నన్ను కావాలంటే పారేయండి."

"అయితే బాబాయ్, ఆ నాలుక..." అని మొదలుపెట్టాడు పోస్ట్‌మాన్.

"నువ్వెళ్ళి ఉత్తరాలు పంచుకో" అంది టీ అక్క.

తాళాలాయన ఇంకా నిలబడే ఉన్నాడు. "నాన్న మొదలుపెట్టిన ఏడాదికే..." అన్నాడు. ఆ మాట ఆయన మామూలుగా అనే మాటే గానీ, ఈసారి పూర్తి చేయలేదు.

"నాన్న నాలుగేళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టాడన్నయ్యా" అంది పిన్ని. "నాన్నని తీసుకుపోయింది ఆ నాలుగేళ్ళు. మాత్ర కాదు."

పదకొండేళ్ళుగా ఆవిడ దగ్గరున్న మాట అది. చెప్పాక, తను దాన్ని ఇన్నాళ్ళు ఎందుకు దాచిందా అనిపించింది. బాబాయి మాత్రని దాచినట్టే దాచింది.

తాళాలాయన బెంచీ మీద ఆ చివర కూర్చున్నాడు. బొటనవేలితో నొక్కితే మాత్ర టప్పుమని అరచేతిలో పడింది. తెల్లగా, చిన్నగా, చొక్కా గుండీలో సగం ఉంది. "ఇంతేనా?" అన్నాడు దాన్ని చూస్తూ. టీ అక్క రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి మధ్యలో పెట్టింది. బాబాయి కూడా తన మాత్ర తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, నడివీధిలో, పట్టపగలు, అందరూ చూస్తుండగా.

"మీరు ముందు కానివ్వండి బావగారూ."

"అలవాటున్నవాడివి, నువ్వే ముందు."

"అది నిజమే అనుకోండి" అన్నాడు బాబాయి. అప్పుడే ఆయన వీపు నిటారైంది, గొంతులోకి పాత గమకం వచ్చింది. "కానీ మాత్ర మింగడమంటే మీరనుకున్నంత తేలిక కాదు. దానికో పద్ధతుంది. మొట్టమొదటి రోజు నేను మింగానా, అది గొంతు దగ్గర ఆగి, 'ఎవరది? బాబాయా?' అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా..."

"బావా."

"ఆఁ."

"మింగు."

ఇద్దరూ మింగారు. తాళాలాయన గొంతు దగ్గర కాసేపు తడుముకున్నాడు, లోపల ఏదైనా కదిలిందేమో అన్నట్టు. ఏం కదల్లేదు. ఇంకా తొమ్మిది మిగిలాయి కదా అని షీటు మళ్ళీ జేబులో పెట్టుకుని, పైన చెయ్యి వేసి అదిమాడు. పిన్ని మనసులో ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో వాళ్ళకి పెట్టుకుంది.

మాస్టారు పేపరు విప్పాడు. పొయ్యి మీద కొత్త టీ పడింది.

తాళాలాయన బెంచీ మీద కాస్త ఇవతలికి జరిగాడు. ఇంకాస్త జరిగాడు. భుజానికి భుజం తగిలేదాకా జరిగి కూర్చున్నాడు.

బాబాయి కంగారుపడ్డాడు. "ఏంటి బావగారూ? ఏమైనా ఇబ్బందిగా ఉందా?"

"ఏం లేదు." ఆయన మొహంలో ఒక్క గీత కదల్లేదు. "మైనస్ నలభై అన్నావుగా. నాది కూడా కాస్త లాక్కో."